పాత ల్యాప్‌టాప్ అమ్మే ముందు: ఎంతవరకు బాగుచేయించాలి, ఎంత ధర చెప్పాలి

ఇంజనీరింగు సీట్లు ఖరారయ్యే రోజుల్లో ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ గుణుపూరులోనూ ఏటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "మాస్టారూ, పిల్లాడికి పదిహేను వేల లోపు ల్యాప్‌టాప్ ఏదైనా ఉందా?" అడిగేవారు కాశీనగరం నుంచీ వస్తారు, రాష్ట్రం హద్దు దాటి పాతపట్నం నుంచీ వస్తారు. వారికి పనికివచ్చే యంత్రాలు మన ఇళ్లలోనే బీరువా అడుగున సంచుల్లో పడి ఉంటాయి. వాటిని అమ్మదలచుకున్నవారు సాధారణంగా రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఏమీ చూసుకోకుండా మొదటి దుకాణదారు చెప్పిన ధరకు ఇచ్చివేయడం ఒకటి. ర్యాము, బ్యాటరీ, కీబోర్డు అన్నీ మార్పించి, ఆ ఖర్చంతా కొనేవారి నుంచి రాబట్టుకోవచ్చునని ఆశపడడం రెండవది. రెండవదాని వల్లే ఎక్కువ నష్టం. తెలిసినవారి కోసం ఇటువంటి యంత్రాలను విప్పి, శుభ్రం చేసి, అమ్మిపెట్టిన అనుభవంలో నాకు తేలినది ఇది: పాత ల్యాప్‌టాప్ మీద పెట్టే ఖర్చులో నమ్మకంగా తిరిగివచ్చేది ఎస్‌ఎస్‌డీకి, అంటే హార్డ్ డిస్కు బదులు వేసే వేగమైన నిల్వ ముక్కకు, పెట్టినది ఒక్కటే. మిగిలిన వాటిలో దేన్ని ముట్టుకోవాలన్నా ముందు లెక్క వేసుకోవాలి.

మొదట ప్రాసెసరు తరం

బ్రాండు పేరు, తెర సైజు, కొన్నప్పటి ధర అన్నీ తరువాతి సంగతులు. పాత ల్యాప్‌టాప్ విలువను నిర్ణయించేది ప్రాసెసరు తరం, అంటే అందులోని ప్రధాన చిప్పు ఎంత కొత్తదో చెప్పే వరుస సంఖ్య. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్లు పొందే వెసులుబాటు 2026 అక్టోబరు వరకు మాత్రమే ఉంది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేరుతోనే యంత్రం మొదలయ్యే) సదుపాయం, కనీసం 4 జీబీ ర్యాము, 64 జీబీ నిల్వ ఉండాలి. ఏఎండీ యంత్రమైతే ప్రాసెసరు పేరు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి. ఈ ఒక్క గీత వల్ల పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించే రెండు ల్యాప్‌టాప్‌ల ధరల్లో పెద్ద తేడా వచ్చేస్తుంది. ఐ5-7200యు ఏడవ తరానిది, రెండు కోర్లు కలది. ఐ5-8250యు ఎనిమిదవ తరానిది, నాలుగు కోర్లు కలది. ఈ రెండింటి విడుదలకు మధ్య ఏడాది ఎడమే ఉన్నా, నేడు మొదటిది గీతకు అవతల, రెండవది ఇవతల ఉన్నాయి.

తరం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అడ్డగీత తరువాత వచ్చే మొదటి అంకె తరాన్ని చెబుతుంది. అయితే పదవ తరం నుంచి మొదటి రెండు అంకెలను కలిపి చదవాలి. ఐ5-1035జీ1 పదవ తరానిది, ఐ5-1135జీ7 పదకొండవ తరానిది. ఇవి తెలియక "మొదటి తరం" అనుకుని మంచి యంత్రాన్ని చవకగా ఇచ్చివేసినవారు ఉన్నారు. యంత్రం మీద అంటించిన స్టిక్కరు ఊడిపోయి ఉంటే, విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద అబౌట్ పేజీలో ప్రాసెసరు పూర్తి పేరు కనిపిస్తుంది.

ఏడవ తరం, అంతకన్నా పాతవి ఉన్నవారు ఇక్కడే ఒక నిర్ణయానికి రావాలి. అటువంటి యంత్రం మీద అమ్మకం కోసం కొత్తగా డబ్బు పెట్టకపోవడమే మంచిది. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వంటిది ఎక్కించి ఇంట్లో పిల్లల చదువుకు వాడుకోవచ్చు, లేదా ఉన్నది ఉన్నట్టుగా, ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పి తక్కువ ధరకు ఇవ్వవచ్చు. అడ్డదారి పద్ధతిలో విండోస్ 11 ఎక్కించి "పదకొండు నడుస్తోంది" అని చెప్పి అమ్మడం మాత్రం తగదు. ముందుముందు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అది ఎక్కకపోతే కొనుక్కున్న విద్యార్థి తండ్రి మన గుమ్మం ముందుకే వస్తాడు, చిన్న ఊళ్లో మనం ఎక్కడికీ పోలేము.

విప్పక ముందు చూడవలసినవి

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాలలో కొడితే బ్యాటరీ చరిత్ర మొత్తం ఒక ఫైలుగా తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 41,000, రెండవది 24,600 అయితే బ్యాటరీలో అరవై శాతం బలం మిగిలి ఉన్నట్టు. ఈ ఫైలును దాచిపెట్టకుండా కొనేవారికి చూపించడం మన మాటకు విలువ పెంచుతుంది. గజపతి జిల్లాలో 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపానును చూసినవారు కరెంటు లేని రోజులను మరిచిపోలేదు. ఇక్కడ కొనేవారిలో చాలామంది ర్యాము సంగతి కన్నా ముందు "ఛార్జింగ్ ఎంతసేపు ఉంటుంది" అనే అడుగుతారు.

టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్, ఆపైన మెమరీ నొక్కితే మొత్తం స్లాట్లలో ఎన్ని నిండి ఉన్నాయో, ర్యాము వేగం ఎంతో కనిపిస్తుంది. అక్కడే ఫారం ఫ్యాక్టర్ అన్నచోట "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ఆ ర్యామును బోర్డుకే అతికించారని అర్థం. దాన్ని ఊడదీసి మార్చడం కుదరదు. హార్డ్ డిస్కు ఆరోగ్యాన్ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూడవచ్చు. అది "కాషన్" అని పసుపు రంగులో చూపిస్తే ఆ డిస్కును కొనేవారికి అంటగట్టకూడదు.

ఇక కంటితో చూడవలసినవి. ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి నాలుగు మూలలూ బల్లకు ఆనుతున్నాయో లేదో గమనించాలి. ఒక మూల ఊగుతున్నా, టచ్‌ప్యాడు మధ్యలో ఉబ్బినట్టున్నా, నొక్కితే టిక్కుమనకపోయినా, లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అప్పుడు ఛార్జింగ్ పెట్టడం వెంటనే మానివేయాలి. ఆ బ్యాటరీని గుచ్చడం గానీ, వంచడం గానీ, చెత్తబుట్టలో వేయడం గానీ చేయకూడదు. ఈ ఒక్క సందర్భంలో బ్యాటరీ మార్పు లాభనష్టాల లెక్కలోకి రాదు, తప్పనిసరి అవుతుంది.

హింజీల దగ్గర, అంటే మూత తిరిగే కీళ్ల దగ్గర, మరికొంత సమయం గడపాలి. మూతను నెమ్మదిగా తెరుస్తూ, హింజీ ఉన్న మూలలో కింది కేసింగు పైకి లేస్తున్నదేమో చూడాలి. ప్లాస్టిక్కులో గట్టిగా నాటిన ఇత్తడి నట్టు ఒకటి ఉంటుంది, హింజీ స్క్రూ దానిలోకే దిగుతుంది. ఏళ్ల తరబడి తెరిచి మూయగా ఆ నట్టు ప్లాస్టిక్కును చీల్చుకుని బయటికి వస్తుంది. కిర్రుమనే శబ్దం, సన్నటి పగులు కనిపించిన దశలోనే స్క్రూను కొద్దిగా వదులు చేసి, నట్టును తిరిగి గట్టి ఎపాక్సీతో కూర్చోబెడితే సరిపోతుంది. పట్టించుకోకపోతే తెర వైరు తెగి, ప్యానెల్ ఖర్చు మీద పడుతుంది. దుకాణదారులు ధర తగ్గించడానికి మొదట వేలు పెట్టి చూపేది ఈ మూలనే.

ఎస్‌ఎస్‌డీ, ర్యాము

హార్డ్ డిస్కుతో నడిచే ఎనిమిదవ తరం యంత్రం ఎంత మంచిదైనా, కొనేవారి ముందు ఆన్ చేస్తే నిమిషాల తరబడి చక్రం తిరుగుతూనే ఉంటుంది. వారు మర్యాదకు కూర్చున్నా, మనసులో బేరం అప్పటికే పడిపోతుంది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, సాటా (హార్డ్ డిస్కులు వాడే రకం కనెక్షను) ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాటి చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్ల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. అందుకే మిగిలినవన్నీ వదిలేసినా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి అమ్మమని చెబుతాను. అంతకు మించి 1 టీబీ వేసినంత మాత్రాన పాత ల్యాప్‌టాప్ కొనేవారు ఆ తేడాకు తగిన ధర ఇవ్వరు.

ఏ రకం కొనాలో ముందే తేల్చుకోవాలి. ఈ విషయంలో నేనే దెబ్బతిన్నాను. బోర్డు మీద ఎం.2 స్లాటు (పలచని పలక ఆకారపు ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు) కనిపించగానే, సాటా కన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం అయి ఉంటుందని అనుకుని, విశాఖలో కొని, గుణుపూరు రైలెక్కి ఇంటికి వచ్చి బిగిస్తే యంత్రం దాన్ని గుర్తించనే లేదు. ముక్క స్లాటులో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా సరిగ్గా పడింది. కానీ ఆ స్లాటుకు సాటా సంకేతం తప్ప వేరేది అందదు. తెరిచిన ప్యాకెట్‌ను తిరిగి తీసుకోము అన్నారు దుకాణం వారు. ఒక రోజు ప్రయాణం, ఒక ముక్క ఖరీదు పోయాయి. కాబట్టి మీ మోడల్ పేరుతో తయారీదారు ఇచ్చే సర్వీసు మాన్యువల్‌ను చదివి, స్లాటు సాటాకా, ఎన్‌వీఎంఈకా, రెండింటికీనా అని తెలుసుకున్న తరువాతే డబ్బు చెల్లించాలి. సందేహం ఉంటే హార్డ్ డిస్కు ఉన్నచోటే పట్టే రెండున్నర అంగుళాల, 7 మిల్లీమీటర్ల మందం గల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోవడం అన్నిటికన్నా క్షేమం.

విప్పేటప్పుడు ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను ఆ చోటులోనే గుచ్చిపెట్టాలి. పొడుగు స్క్రూను పొట్టి స్క్రూ రంధ్రంలో బిగిస్తే అది లోపలి బోర్డును పొడుస్తుంది. అడుగు మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టరును విడదీయడం. ఎలాగూ తెరిచారు కాబట్టి ఫ్యానును కూడా చూడండి. రెక్కల వెనుక, గాలి బయటికి పోయే రాగి రేకుల దగ్గర, దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంటుంది. మెత్తని బ్రష్షుతో దాన్ని తీసివేసేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో ఆపిపట్టాలి. ప్రాసెసరు వేడిని బయటికి పంపడానికి దాని మీద రాసే థర్మల్ పేస్టు ఎండి పొడిగా రాలుతుంటే కొత్తది రాయాలి. ఈ పనులకు అయ్యే ఖర్చు స్వల్పం, ఫలితం మాత్రం కొనేవారి చెవికే తెలుస్తుంది: ఫ్యాను రొద పెట్టదు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తగిలిన యంత్రాలైతే స్క్రూల తలల మీద, పోర్టుల అంచుల మీద తుప్పు కూడా చూసుకోవాలి.

ర్యాము విషయం వేరు. 4 జీబీ ఉన్నదానిని 8 జీబీ చేయడం అమ్మకానికి ఉపకరిస్తుంది, 8ని 16 చేయడం ఉపకరించదు. పైగా 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, కొత్తది కొనే ముందు పాత కాలపు ధరలను నమ్ముకోకుండా ఆనాటి ధర కనుక్కోవాలి. మీ యంత్రంలోనే 8 జీబీ ముక్కలు రెండు ఉంటే, ఒకదాన్ని తీసి విడిగా అమ్ముకోవడం కొన్నిసార్లు మేలు కావచ్చు. ర్యాము రకాలైన డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని స్లాటులో మరొకటి పట్టవు. పాత యంత్రాల్లో డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్3ఎల్‌కి 1.35 వోల్టులు అన్న తేడా వల్ల కూడా యంత్రం మొదలు కాకపోవచ్చు.

మన సమాచారం తుడిచివేయడం

ఫొటోలు, కాగితాలు వేరే డిస్కులోకి తీసుకున్న తరువాత, సెట్టింగ్స్‌లో రిసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, అక్కడి చేంజ్ సెట్టింగ్స్‌లో క్లీన్ డేటాను ఆన్ చేయాలి. ఊరికే ఫైళ్లు డిలీట్ చేయడం చాలదు. అంతకు ముందే మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి బయటకు రావాలి, ఆ ఖాతాలోని పరికరాల జాబితా నుంచి ఈ యంత్రాన్ని తొలగించాలి, బయోస్ పాస్‌వర్డు (విండోస్ మొదలుకాక ముందే యంత్రం అడిగేది) ఏదైనా పెట్టి ఉంటే తీసివేయాలి. బయోస్ పాస్‌వర్డు మరిచిపోయిన యంత్రాన్ని దొంగ సరుకుగానే చూస్తారు. యంత్రంతో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు బోర్డుకు ముడిపడి ఉంటుంది కనుక, కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి మళ్లీ ఎక్కించినా ఇంటర్నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. దానికి ఎవరికీ విడిగా డబ్బు ఇవ్వనక్కరలేదు. తీసివేసిన పాత హార్డ్ డిస్కును యంత్రంతో పాటు ఇవ్వకండి.

ధర లెక్క

ధరకు పైహద్దు, కిందిహద్దు రెండూ కనుక్కోవాలి. అదే తరం ప్రాసెసరు, అంతే ర్యాము, అంతే ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రాన్ని బాగుచేసి గ్యారంటీతో రీఫర్బిష్డ్‌గా అమ్మేవారు చెప్పే ధర పైహద్దు. దాన్ని మించి అడిగితే ఎవరూ మన దగ్గరికి రారు. పట్టణంలో ఇద్దరు ముగ్గురు దుకాణదారులు నగదుగా ఇస్తామన్న ధర కిందిహద్దు. ఆన్‌లైనులో పెట్టిన ప్రకటనల ధరలను చూసి మురిసిపోకూడదు. అవి అడుగుతున్న ధరలే గానీ అమ్ముడుపోయిన ధరలు కావు. నెలల తరబడి అలాగే ఉన్న ప్రకటన, ఆ ధరకు కొనేవారు లేరనే చెబుతుంది.

ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. పైహద్దు 18,000 రూపాయలు, దుకాణదారు ఇస్తానన్నది 8,000 అనుకుందాం. మనం గ్యారంటీ ఇవ్వము కనుక 3,000 తగ్గించాలి. బ్యాటరీ అరవై శాతమే ఉంది, కొత్తది 2,000 అవుతుంది, అదీ తగ్గించాలి. హింజీ మూలలో పగులుకు మరో 1,000. మిగిలినది 12,000. ప్రకటనలో 13,000 అని చెప్పి, 11,500 వద్ద ఒప్పుకోవడం న్యాయమైన బేరం. ఇప్పుడు బ్యాటరీ మనమే మార్పిస్తే ధర 2,000 పెరుగుతుంది, జేబులోంచి 2,000 పోతుంది. తిరిగిన శ్రమ ఒక్కటే మనకు మిగులుతుంది. అందుచేత పనిచేస్తున్న బ్యాటరీని మార్చకుండా ధరలో తగ్గించడమే నయం. అదే యంత్రంలో హార్డ్ డిస్కే ఉండిపోతే తగ్గింపు ఎస్‌ఎస్‌డీ ఖరీదుతో ఆగదు, అసలు చూడడానికే ఎవరూ కూర్చోరు. నేను ఎస్‌ఎస్‌డీని మాత్రం వేరుగా లెక్కించడానికి కారణం ఇదే.

దుకాణదారు తక్కువ చెప్పాడని కోప్పడనక్కరలేదు. అతను రేపు బోర్డు పోతే జవాబు చెప్పుకోవాలి, నెలల పాటు సరుకు పెట్టుకుని కూర్చోవాలి. తొందర ఉన్నవారికి ఆ ధర కూడా సరైనదే. తొందర లేనివారు కాలేజీలు తెరిచే రోజుల వరకు ఆగితే మంచిది.

అమ్మకం రోజు

పాత కొనుగోలు బిల్లు దొరికితే వెతికి పెట్టుకోండి; ఒరిజినల్ ఛార్జరు కూడా. బిల్లు లేని యంత్రం మీద అనుమానం సహజం. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం నేరం కనుక, జాగ్రత్తగల కొనుగోలుదారు ఆ కాగితం అడగడమే సరి. బిల్లు లేకపోయినా తెల్ల కాగితం మీద మోడల్ పేరు, అడుగుభాగంలోని సీరియల్ నంబరు, ధర, తేదీ, "ఉన్న స్థితిలో చూసుకుని తీసుకున్నాను" అన్న మాట రాసి ఇద్దరూ సంతకాలు చేసి, చెరొక ప్రతి ఉంచుకోవాలి. మన వైపు ఇది తెలుగులో రాస్తే కొందరికి, ఒడియాలో రాస్తే కొందరికి అర్థం కాదు. ఎదుటివారు చదవగలిగిన భాషలోనే రాసి, పైకి ఒకసారి చదివి వినిపించడం మంచిది.

చూపించే ముందు విండోస్‌లో తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ చేర్చి ఉంచండి. పైసా ఖర్చు లేని పని. జన సేవా కేంద్రం నడిపే ఒకాయన తెర మీద తన పేరు ఒడియాలో కొట్టి చూసుకుని, మరి బేరం ఆడకుండానే డబ్బు తీశాడు. కొనేవారిని కెమెరా, మైకు, వై-ఫై, ప్రతి యూఎస్‌బీ పోర్టు, ప్రతి కీ స్వయంగా పరీక్షించుకోమనండి. లోపాలను వారు కనిపెట్టే లోపల మనమే చెప్పివేయాలి. "బాబూ, ఈ మూల పగులుంది, ఇందాకే వెయ్యి తగ్గించి చెప్పాను" అంటే ఆ పగులు మీద రెండవసారి బేరం ఉండదు.

డబ్బు విషయంలో ఒక్కటే జాగ్రత్త. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. దూరం నుంచి ఎవరైనా "అడ్వాన్సు పంపాను, ఈ కోడు స్కాన్ చేయండి" అంటే ఫోను పెట్టివేయాలి. ఎదుటివారు చూపించే స్క్రీన్‌షాటును కాక, మన బ్యాంకు ఖాతాలో పడిన మొత్తాన్ని చూసుకున్నాకే యంత్రం అప్పగించాలి.

ఇంతా చూశాక బోర్డు చచ్చిపోయి, ఎవరికీ అక్కరలేనిది మిగిలితే, అందులోని ర్యాము, ఎస్‌ఎస్‌డీ, బాగున్న ప్యానెల్ రిపేరు దుకాణానికి విడిగా ఇవ్వవచ్చు. మిగిలినదాన్ని, ముఖ్యంగా బ్యాటరీని, పాత ఇనుము కొనేవారి బండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల కింద పాత ఎలక్ట్రానిక్ సరుకును సక్రమంగా రీసైకిల్ చేయించవలసిన బాధ్యత తయారీదారుల మీద ఉంది. కంపెనీ వెబ్‌సైటులో సేకరణ వివరాలు వెతికితే దొరుకుతాయి. అప్పటివరకు ఉబ్బిన బ్యాటరీని మండే వస్తువులకు దూరంగా, ఎండ తగలని చోట, ఒక మట్టి మూకుడులో ఇసుక పోసి అందులో ఉంచండి.